తొలి క్లీనింగ్ ఉచితం

ఇళ్ళు శుభ్రం చేసే సంస్థ పెడుతున్నానని దుర్గాదేవి చెప్పినప్పుడు కాశీబుగ్గలో ఆమె ఉండే వీధివాళ్ళు నవ్వారు. ఇల్లు ఊడవడానికి కూడా కంపెనీ ఏమిటన్నారు. అంతకుముందు ఆమె పలాసలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. జీడినూనె తగిలి వేళ్ళకొసలు నల్లబడి, తోలు పొరలుగా లేచిపోయేది. పక్క పీట మీద కూర్చునే బంగారమ్మది కూడా అదే పరిస్థితి. బంగారమ్మ ఆమెకన్నా పెద్దది, మొగుడు పోయిన మనిషి. "ఈ సేతుల్తో అన్నం తినబుద్ది కావట్లేదే దుర్గా" అని మధ్యాహ్నం క్యారేజీ విప్పిన ప్రతిసారీ అనేది. ఇద్దరూ ఒకేరోజు ఫ్యాక్టరీ మానేశారు.

దుర్గాదేవి భర్త దాలయ్యకి కిడ్నీలు పాడయ్యాయి. ఊళ్ళో కొబ్బరితోట కౌలుకిచ్చి, ఆసుపత్రి దగ్గర్లో ఉంటుందని కాశీబుగ్గ వచ్చేశారు. డయాలసిస్‌కి అతణ్ణి స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేదీ, తిరిగొచ్చాక చంకల కింద చేతులు వేసి మంచం దాకా చేర్చేదీ దాలయ్య తమ్ముడు యుగంధర్. టెక్కలిలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసి, యజమానితో పడక మానేసి వచ్చి వాళ్ళింట్లోనే ఉంటున్నాడు. నెమ్మదైన గొంతు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు.

సంస్థ పెట్టి ఏడాది కావస్తున్నా పని పెద్దగా దొరకలేదు. ఒకరోజు దుర్గాదేవి కరపత్రాలు మడతపెడుతుంటే యుగంధర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇయ్యి ఎవుడు సదువుతాడు ఒదినా. ఆన్‌లైన్‌ల కూపన్ పెడదాం. మొదటిపాలి సగం రేటు. ఓపాలి ఇల్లు మెరిసిందనుకో, ఆలే మళ్ళీ పిలుత్తారు. అప్పుడు పూర్తి రేటు."

"మళ్ళీ పిలవకపోతే?"

"పిలుత్తారు. నీ పని నాకు తెలీదేటి."

కూపన్లు అమ్మే ఒక సైట్‌లో ఆమె ఆధార్ మీద, ఆమె ఫోన్ నంబరు మీద అకౌంట్ తెరిచాడు. ఏ మార్పు చెయ్యాలన్నా ఓటీపీ ఆమె ఫోన్‌కి వచ్చేది. ఆమె అంకెలు ఒక్కొక్కటే చదువుతుంటే అతను తన ఫోన్‌లో కొట్టేవాడు. చదివేటప్పుడు ఆమెకు కాస్త గర్వంగా ఉండేది. తన పేరు మీద, తను చెబితే తప్ప కదలనిది ఒకటి ఉందనిపించేది.

కూపన్ పెట్టిన వారానికే ఫోన్లు మొదలయ్యాయి. పలాస, టెక్కలి, అటు ఇచ్ఛాపురం నుంచి కూడా. దుర్గాదేవి ఇంకొందరు ఆడవాళ్ళని పనిలోకి తీసుకుంది. సగం రేటులో వాళ్ళ కూలీ, సైట్ వాళ్ళ వాటా పోతే తనకేమీ మిగలకపోగా చేతి డబ్బు పడేది. మొదటిసారికి అంతేలే అనుకుంది.

ఆ కూపన్ మీద పిలిచినవాళ్ళలో నాగసుధ ఒకరు. ప్రైవేటు స్కూల్లో టీచరు, భర్త బ్యాంకులో గుమాస్తా. పలాసలో రెండంతస్తుల ఇల్లు. ఆమె ఎన్నాళ్ళనుంచో కూపన్ కోసమే ఎదురుచూసినట్టు ఇల్లంతా అలాగే అట్టేపెట్టింది. వంటింటి గోడల మీద జిడ్డు గరిటెతో గీకాల్సి వచ్చింది. ఒప్పుకున్నది కింది వాటా ఒక్కటే. అది పూర్తయ్యేసరికి నాగసుధ మేడ మీది గదులు కూడా చూపించింది.

"అది కూపన్‌లో లేదండి" అంది దుర్గాదేవి.

నాగసుధ కుర్చీలో కూర్చుని ఫోన్ తెరిచి చూపించింది. అయిదు నక్షత్రాలు ఖాళీగా ఉన్నాయి. ఆమె బొటనవేలు మొదటి నక్షత్రం మీద ఆగింది. "రేటింగ్ ఇంకా ఇవ్వలేదు కదమ్మా. మీ ఇష్టం మరి" అని నవ్వింది.

వాళ్ళు మేడ ఎక్కారు. మంచినీళ్ళడిగితే, మొక్కలకి నీళ్ళు పోసే కోసిన ప్లాస్టిక్ సీసాలో తెచ్చి గుమ్మం బయట పెట్టింది. దుర్గాదేవి దాన్ని ముట్టలేదు. బంగారమ్మ మాత్రం తాగేసి, సీసా కడిగి, తెచ్చినచోటే బోర్లించింది. బయటికొచ్చాక, "మళ్ళీ పిలుత్తాదిలే. అప్పుడు పూర్తి రేటుకి అడుగుదుగాని" అని దుర్గాదేవిని సముదాయించింది.

నాగసుధ మళ్ళీ పిలవలేదు. ఆమే కాదు, కూపన్ మీద వచ్చినవాళ్ళలో ఎవరూ పిలవలేదు. కూపన్లు మాత్రం అమ్ముడవుతూనే ఉన్నాయి. దుర్గాదేవి చెవి దుద్దులు తాకట్టులోకి వెళ్ళాయి. "జనం అంతే ఒదినా. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టాల" అన్నాడు యుగంధర్. తర్వాత పనివాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. చివరికి బంగారమ్మ కూడా, మోకాళ్ళు లాగేస్తున్నాయని, మొహం చూపించకుండా ఫోన్‌లోనే చెప్పి మానేసింది.

ఉండబట్టలేక ఒక ఉదయం దుర్గాదేవి తనే నాగసుధకి ఫోన్ చేసింది. నెలకోసారి శుభ్రం చేయించుకుంటారా అని అడిగింది.

"అదేంటమ్మా, చేయించుకుంటున్నాం కదా. మీవాళ్ళే వస్తున్నారు. యుగంధర్ పంపుతున్నాడు" అంది నాగసుధ. "ఇవాళ కూడా వచ్చారు. నీకు తెలీదా?"

దుర్గాదేవి ఆటో ఎక్కి వెళ్ళింది. నాగసుధ వరండాలో బంగారమ్మ గొంతుక్కూర్చుని గచ్చు తోముతోంది. ఒంటిమీద కొత్త నీలం కోటు. జేబు మీద ఎర్రదారంతో 'యుగంధర్ క్లీన్ కేర్' అని కుట్టి ఉంది. దుర్గాదేవిని చూసి బంగారమ్మ లేవబోయింది, మోకాలు పట్టేసి మళ్ళీ కూర్చుండిపోయింది.

"పిల్లడు అడ్వాన్సిచ్చాడే" అంది తల వంచుకుని. "ఒదిన ఎలాగూ మూసేత్తాది, మనమేనా బతకాల అన్నాడు. నాకెవులున్నారు దుర్గా. ఏటి సెయ్యమంటావు."

దుర్గాదేవి వచ్చిన ఆటోలోనే తిరిగి వెళ్ళిపోయింది. దారంతా ఆమెకు ఒకటే తిరిగింది బుర్రలో. కూపన్ నష్టం తనది. ఆ నష్టంతో సంపాదించిన ఖాతాదారులు అతనివాళ్ళు. ఇల్లిల్లూ తిరిగి, జిడ్డు గీకి, కోసిన సీసాలో నీళ్ళు చూసి వచ్చింది తను. తను గుమ్మం దిగిన మర్నాడే అతను ఫోన్ చేసి, ఈసారి నుంచి ఈ నంబరుకి చెయ్యండి అనేవాడన్నమాట.

మధ్యాహ్నం అన్నాలవేళ అన్నదమ్ములిద్దరూ ఇంట్లో ఉండగా అడిగింది. యుగంధర్ అబద్ధమాడలేదు. పెరుగన్నం కలుపుకుంటూనే చెప్పాడు.

"నువ్వు బాగా తుడుత్తావు ఒదినా, అందుల తిరుగులేదు. కాని నడపలేవు. నాను బజార్ల షాపు తీసినాను, మనుషులున్నారు. నా దగ్గిర సేరిపో. పెద్ద మేస్త్రీని సేత్తాను."

దుర్గాదేవి భర్త వైపు చూసింది. దాలయ్య ఉబ్బిన పాదాలు చాపుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"తెలిత్తే ఏటి?" అన్నాడు దాలయ్య. "నన్ను మోత్తన్నది ఆడు. నువ్వు మోత్తావా? ఆడు పొమ్మంటే నా గతేటి? సేరిపో. ఇంట్లోదే కదా."

ఆమె కంచాలు తీసి కడగడానికి పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపు కడిగింది.

మర్నాడు యుగంధర్ అన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళాక ఆమె ఫోన్ తీసి సైట్ తెరిచింది. ఇన్నాళ్ళు పక్కన కూర్చుని అంకెలు చదివింది కదా, ఎక్కడ ఏది నొక్కాలో చూసి చూసి వచ్చేసింది. అందులో తన సంస్థ పేరు కింద 'యుగంధర్ క్లీన్ కేర్' కూడా ఉంది. కొత్త అకౌంట్‌కి కాగితాలు కావాలి కాబట్టి, యుగంధర్ ఆమెతో చదివించుకున్న అంకెలతోనే, తన సంస్థని ఆమె అకౌంట్ కింద బ్రాంచిగా కలిపేసుకున్నాడు. దుర్గాదేవి మొదట తన సంస్థ కూపన్లు ఆపేసింది. తర్వాత యుగంధర్ పేరు మీద కొత్త కూపన్ పెట్టింది. తొలి క్లీనింగ్ ఉచితం. ఇల్లంతా, మేడ మీది నీళ్ళట్యాంకుతో సహా. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఎక్కడికైనా. ఓటీపీ వచ్చింది. ఈసారి పైకి చదవలేదు.

రెండోరోజుకల్లా యుగంధర్ ఫోన్ ఆగకుండా మోగడం మొదలైంది. అతను షాపు నుంచి ఫోన్ చేశాడు. ఆ నెమ్మది గొంతులో మొదటిసారి వణుకు వినిపించింది.

"ఒదినా, కూపన్ల ఏదో తేడా వచ్చినాది. తీసెయ్యాల. నీ ఫోన్‌కి ఓటీపీ వత్తాది, సెప్పు."

తెర మీద అంకెలు వచ్చాయి. దుర్గాదేవి వాటిని చూస్తూ, "ఏటీ రాలేదు బాబూ" అంది.

"మళ్ళీ పంపినాను. సూడు."

"రాలేదు. సిగ్నల్ లేదు గావాల."

అతను అర్థం చేసుకున్నాడు. "అన్నియ్యని ఇంక నువ్వే తీసుకెళ్ళు" అని పెట్టేశాడు. ఆ రాత్రి నుంచి ఇంటికి రావడం మానేశాడు.

కూపన్ చెల్లదంటే సైట్‌వాళ్ళు జరిమానా వేస్తారు, పేరు పక్కన ఎర్ర గుర్తు పెడతారు. కూపన్ తీసుకున్నవాళ్ళు షాపు ముందుకొచ్చి కేకలేస్తున్నారు. దానికీ భయపడ్డాడు, పేరు పోతుందనీ భయపడ్డాడు. తను చీపురు పట్టలేదు. ఆడవాళ్ళనే తెల్లారకముందు ఆటోలో కుక్కి ఇళ్ళ మీదికి తోలాడు. ఒక ఇల్లు అవగానే ఇంకో ఇల్లు. తిన్నారో లేదో అడిగే తీరిక లేదు. దుర్గాదేవికి ఈ మాట వీధిలో తెలిసింది. ఇంకొక్క వారం చూద్దాం అనుకుంది. యుగంధర్ వచ్చి కాళ్ళు పట్టుకోవడం ఆమెకు చూడాలనుంది.

ఆ వారంలో దాలయ్యకి ఒకసారి డయాలసిస్ తప్పింది. ఆటో దొరికేసరికి ఆలస్యమైంది. మొహం ఉబ్బి, ఆయాసపడుతూ అడిగాడు. "ఆ కూపన్ పెట్టింది నువ్వేనా?"

"నాకేటి తెలుసు. ఫోన్ పనులన్నీ ఆడియే కదా" అందామె, తలగడ సర్దుతూ.

నాగసుధ అప్పటికి యుగంధర్‌కి నెలనెలా డబ్బిచ్చే ఖాతాదారు. అయినా ఉచితం అని చూడగానే భర్త ఫోన్ నుంచి కొత్తగా కూపన్ తీసుకుంది. సాయంత్రం దుర్గాదేవి సైట్‌లో ఆమె రాసినది చదివింది. 'ట్యాంకు సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. ఒకావిడ నిచ్చెన మీంచి పడిందట, అది మా తప్పు కాదు కదా. బాధ్యత లేని మనుషులు.' కింద ఒక్క నక్షత్రం.

ఎవరని అడగడానికి ఆమె ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ట్యాంకు ఎక్కమంటే వద్దనకుండా ఎక్కే మనిషి ఆ గుంపులో ఒక్కతే.

బంగారమ్మకి తుంటి ఎముక విరిగింది. శ్రీకాకుళంలో ఆపరేషన్ చేశారు. దుర్గాదేవి వెళ్ళేసరికి వార్డులో చివరి మంచం మీద పడుకుని ఉంది. నీలం కోటు మడతపెట్టి తలకింద పెట్టుకుంది. యుగంధర్ ఒకసారి వచ్చి చూసి వెళ్ళాడట, మళ్ళీ రాలేదట.

"నాలుగిళ్ళు సేసి ఎల్లినానే ఆ పూట" అంది. "నిచ్చెన తడిసిపోయున్నాది. కాలు జారిపోనాది. ఆయమ్మ కిందకొచ్చి, మా ఇంట్ల పడ్డట్టు ఎవులికీ సెప్పకు అన్నాది. నాను లెగలేకపోతన్నాను, ఆయమ్మ ఆ మాటే అంతన్నాది."

దుర్గాదేవి బత్తాయి ఒలిచి, గింజలు తీసి, తొనలు ఆమె నోటికి అందించింది.

"నీ దగ్గిరుంటే ఇలా అవనిచ్చేదానివి కాదు" అంది బంగారమ్మ. తింటూ తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎవులో కావాలని ఉచితమని పెట్టినారంట, పిల్లడి మీద కచ్చతోటి. ఆలెవులో గాని ఆలకి సేతులు పడిపోను. పురుగులు పడి పోను."

దుర్గాదేవి ఇంకో తొన ఆమె నోట్లో పెట్టింది. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని కూపన్ తీసేసింది.

నెల తిరక్కుండా యుగంధర్ షాపు మూతపడింది. అతని ఖాతాదారులు కొందరు మళ్ళీ దుర్గాదేవికే ఫోన్ చెయ్యసాగారు. స్కూటర్ అమ్ముకున్నాడు. ఎండలో నడిచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రమ్మని ఎవరైనా అంటారేమోనని. మంచం మీంచి దాలయ్య భార్య వైపు చూశాడు, అడగడానికి ధైర్యం చాల్లేదు.

"పని కావాల ఒదినా" అన్నాడు యుగంధర్.

"తుడుత్తావా?"

"తుడుత్తాను."

"బాత్రూములు కూడా ఉంటాయి."

అతను తలూపాడు. ఆమె అనుకున్నంత సంతోషం ఆమెకు కలగలేదు. అయినా మొదటి పనికి నాగసుధ ఇంటికే పంపింది, ఆ సగంలో ఆగిన ట్యాంకు కడగడానికి. నాగసుధ అతనికి ఏ సీసాలో నీళ్ళిచ్చిందో అడగలేదు.

చేతికర్ర మీద నడక వచ్చాక బంగారమ్మ ఒకరోజు వాళ్ళ వీధిలోకి వచ్చింది. ఫోన్ ఎత్తే పని ఏదైనా ఉంటే చేస్తానని అంతకుముందే కబురు పెట్టింది. కిటికీలోంచి దుర్గాదేవి చూసింది. బంగారమ్మ ప్రతి ఇంటి అరుగూ పట్టుకుని ఆగుతూ వస్తోంది. వచ్చి ఎదురుగా కూర్చుంటే, నీళ్ళు తాగి ఆ మొహంతో నవ్వితే తట్టుకోవడం తన వల్ల కాదనిపించింది.

"ఇంట్లో లేనని సెప్పు" అంది యుగంధర్‌తో.

అతను బకెట్ కింద పెట్టి, చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళాడు. "ఒదిన ఊరెల్లినాది. ఎప్పుడొత్తాదో తెలీదు" అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా.

"అలాగా" అంది బంగారమ్మ. "దాలయ్య బాగున్నాడా? దుర్గకి నాను వచ్చినానని సెప్పు బాబూ."

తలుపు వెనక దుర్గాదేవి ఊపిరి బిగబట్టి నిలబడింది. చేతికర్ర చప్పుడు మెల్లగా వీధి చివరికి పోయింది.