పక్కచూపు

పెళ్ళాం దగ్గర దాచినవి ఎంతోకాలం దాగవని డ్రైవరుకి తెలియక కాదు. అయినా దాచాడు. రిటైరైన కొత్తలో కళ్ళ డాక్టరు, "ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కచూపే తగ్గిపోతోంది. పోయింది తిరిగిరాదు, ఉన్నది కాపాడుకోవాలి" అన్నాడు. ఈ సంగతి తెలిస్తే కండక్టరమ్మ తనని కుర్చీలోంచి లేవనివ్వదని అతని భయం. కండక్టరమ్మంటే ఎవరో కాదు, అతని భార్యే. ఆవిడ టికెట్లు కొడుతుంటే ఈయన బండి నడిపేవాడు. ఆ బస్సులోనే మనసులు కలిశాయి.

సెలవు దొరికితే చాలు, ఇద్దరూ ఊరి చివరి అడవి పార్కుకి వెళ్ళేవాళ్ళు. ఎప్పుడూ వాగు వెంబడి దారే. ఆవిడ మోకాలి నొప్పితో మధ్యలో ఆ నడక ఆగిపోయింది. నొప్పి తగ్గి ఇవాళ మళ్ళీ వచ్చారు. వాగు దారి అతని కాళ్ళకి కంఠతా వచ్చు, అందుకే ధీమాగా బయల్దేరాడు.

గేటు దాటగానే ఆవిడ ఆగింది. "ఎన్నాళ్ళని గానుగెద్దుల్లా అక్కడే తిరుగుతాం? ఇవాళ గుట్ట మీది దారులు చూద్దాం. అవతల ఏముందో మనకి తెలియనే తెలియదు."

ఆ దారులు అతని కాళ్ళకి కొత్త. వద్దంటే ఎందుకంటుంది. చెట్లని మెచ్చుకునే నెపంతో మెల్లగా ఎక్కాడు. పైన దారి రెండుగా చీలింది, ఒకటి తిన్నగా, ఒకటి కుడికి. పక్కనే నడుస్తున్న ఆవిడ కుడివైపు చెయ్యి చాపి, "రైట్!" అంది.

బస్సులో ఆ మాటకి ఒకటే అర్థం, బండి కదలొచ్చని. అతను చెట్లకేసి చూస్తూనే తిన్నగా ముందుకి నడిచాడు. ఆవిడ చెయ్యీ చూడలేదు, ఎడమపక్క పాతిన ఎర్రబోర్డూ చూడలేదు.

"హోల్డాన్!"

బస్సు ఆపడానికి ఆవిడ వేసే ఆ పాత కేకకి కొమ్మల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. డ్రైవరు కుడికాలు లేని బ్రేకు తొక్కింది. జానెడు దూరంలో దారి వానకి విరిగి లోయలోకి జారిపోయి ఉంది.

"అంత బోర్డు కనిపించలేదా? నా చెయ్యీ కనిపించలేదా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. రాయి మీద కూలబడి అంతా చెప్పేశాడు.

"నాతో అనడానికి నోరు రాలేదా?"

"చెబితే ఇంట్లో కూర్చోబెడతావు. ఈ నడక కూడా పోతే నాకింకేం మిగుల్తుందే?"

ఆవిడ వచ్చి అతని పక్కనే కూర్చుంది.

"ఏం పోయిందన్నాడు డాక్టరు?" అంది.

"పక్కచూపు."

"మా ఆయన పక్కచూపులు చూసే మనిషి కాడని అక్కచెల్లెళ్ళ దగ్గర ఎంత గొప్పలు పోయాను! ఇదా అసలు సంగతి?"

ఏడవాల్సిన చోట అతనికి నవ్వొచ్చింది.

"నావైపు తిరగండి. కనిపిస్తున్నానా?"

తిరిగి చూశాడు. "ఆఁ. ఏడుస్తున్నావు."

"కనిపిస్తోందిగా! అయితే లేవండి. అవతలి పక్క ఇంకా చూడనే లేదు" అని ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుని కుడిదారి పట్టించింది.