మెరూన్ కోటు మీద ఇంకొకడి పేరు

నేను ఒక కోటును. మెరూన్ రంగు, మెడ చుట్టూ నల్ల మఖ్మల్ పట్టీ, గుండె మీది జేబులో బంగారు రంగు రుమాలు. ఆ రుమాలు లాగితే రాదు, కుట్టేశారు. ఇంత చెప్పాక నేనెక్కడి సరుకునో మీకు తెలిసిపోయే ఉంటుంది. అవును, పెళ్లి రిసెప్షన్ కోటునే.

నన్ను కుట్టింది జగిత్యాల పాత బస్టాండు వెనక దుకాణంలో లక్ష్మీనర్సయ్య. ఆయన తన జన్మలో కోటు తొడగలేదు. తొడిగేవాళ్లను మాత్రం చాలామందిని చూశాడు. "కోటంటె భుజమే. భుజం మంచిగ కూసుంటె ఎసుంటోడైన మనిషిలెక్క కనవడతడు" అనేవాడు. అందుకని నా భుజాల్లో దండిగా ప్యాడ్లు పెట్టాడు. నన్ను తొడిగిన ప్రతివాడూ కాసేపు లేని ధైర్యం ఉన్నవాడిలా కనబడతాడు. అది నా గొప్పతనం కాదు, ఆ ప్యాడ్లది. మనుషుల్లో కూడా చాలామంది సంగతి ఇంతే.

నా మొదటి యజమాని రాజేందర్, ఎరువుల దుకాణదారు. నన్ను ఒకే ఒక్క సాయంత్రం తొడిగాడు. జనం వేదిక ఎక్కారు, కవరు ఇచ్చారు, ఫోటో దిగారు, పెళ్లికొడుకు మొహం చూడకుండానే భోజనాల వైపు నడిచారు. ఆ తర్వాత నేను బీరువాలో కలరా ఉండల మధ్య పడ్డాను. మనుషులు పెళ్లి కోటును దాచుకుంటారు గానీ పెళ్లినాటి నడుమును దాచుకోలేరు. రెండు పండగలు తిరిగేసరికి రాజేందర్‌కు నా గుండీలు అందలేదు.

అప్పుడు వచ్చాడు అతని భార్య తమ్ముడు యుగంధర్, అమెరికాలో పెద్ద చదువుకు పోతూ.

"ఏం చదువురా అది?" అన్నాడు రాజేందర్.

"సైబర్ సెక్యూరిటీ బావా. కంప్యూటర్లల్ల దొంగలు వడకుంట కాపలా కాసుడు."

"అంటె వాచ్‌మన్ పని. దానికి కోటెందుకు బామ్మర్ది, కట్టె సాలదా?" అని బావ పొట్ట ఊగేలా నవ్వి, నన్ను బీరువాలోంచి తీసి అతని మీదకు విసిరాడు. అక్క మడతపెట్టి, ఆవకాయ డబ్బాకు తగలకుండా పెట్టెలో సర్దింది. తగిలింది. లోపలి గుడ్డ మీద ఆ మరక ఇప్పటికీ ఉంది.

అక్కడ ఒక యూనివర్సిటీ ఊళ్లో, యుగంధర్ బోధన్ నుంచి వచ్చిన ఇర్ఫాన్ అనే కుర్రాడితో గది పంచుకున్నాడు. ఇద్దరిదీ ఒకే చదువు, ఒకే కుక్కరు. తలుపు వెనక కొక్కేనికి నేను. నాకు చదువు లేదు, కుట్టించుకున్నదే తప్ప నేర్చుకున్నది లేదు. కానీ కొక్కేనికి వేలాడే వస్తువుకు చెవులు పెరుగుతాయి. అలా విని తెలుసుకున్న సంగతి ఇది: రెండేళ్ల చదువుకు మధ్యలో ఒక్కటే ఎండాకాలం వస్తుంది. ఆ ఎండాకాలంలో ఏదైనా కంపెనీలో ఇంటర్న్‌గా పని చేసినవాడికే చదువయ్యాక ఉద్యోగం. చేయనివాడిని 'ఇక్కడి అనుభవం లేదు' అని పక్కన పెడతారు. చదువయ్యాక ఇచ్చిన గడువులోగా ఉద్యోగం దొరక్కపోతే వచ్చిన విమానమే మళ్లీ ఎక్కాలి. కాబట్టి ఆ ఒక్క ఎండాకాలం మీదే బతుకంతా.

మరి కంపెనీలో ఊరికే చేరనిస్తారా? విదేశీ విద్యార్థి గనక కాలేజీ అనుమతి కావాలి. 'కంపెనీ నుంచి పని ఇస్తామన్న ఉత్తరం తే, అనుమతి ఇస్తాం' అంటుంది కాలేజీ. 'అనుమతి గొడవ లేనివాళ్లయితేనే ఉత్తరం' అంటుంది కంపెనీ. ముందు నువ్వు దిగు అంటే ముందు నువ్వు దిగు అని రెండు బర్రెలు ఒడ్డున నిలబడితే, వాటిని లాగడానికి నీళ్లలో దిగిన కాపరి తడిసినట్టు వీళ్లు తడిశారు.

దరఖాస్తులన్నింటిలో చివర ఒక ప్రశ్న ఉంటుందట. ఇప్పుడుగానీ మున్ముందుగానీ నీకు మా వీసా సాయం అవసరమా? 'అవును' అని నొక్కితే చాయ్ చల్లారేలోపు జవాబు వచ్చేది: మీ దరఖాస్తును ఎంతో శ్రద్ధగా పరిశీలించాం, చింతిస్తున్నాం. ఇంత వేగంగా శ్రద్ధ పెట్టగల జాతిని నేనెక్కడా చూడలేదు. ఇక ఈ చదువులో ఇంకో చిక్కు. కాపలా పని కదా, చాలా కంపెనీలు ఆ దేశ పౌరులైతేనే ముందుకు రమ్మంటాయి. ఇంటికి తాళం వేయడం నేర్పుతారు, ఆ ఇంటి గడప మాత్రం తొక్కనివ్వరు.

పై అంతస్తులో ఉండే సీనియర్ ఫణీంద్ర ఒకరోజు వచ్చి సలహా చెప్పాడు. "ఏంటి బాబూ, అక్కడ 'అవును' అని కొడుతున్నావా? హరిశ్చంద్రుడి మనవడివా? 'కాదు' అని కొట్టెయ్. లోపలికెళ్లాక చూసుకోవచ్చు."

"దొంగల్ని పట్టే కొలువుకు దొంగ సంతకంతో పోతె ఎట్లన్నా?" అన్నాడు యుగంధర్.

"పోకపోతే ఎలాగో అది చెప్పు ముందు" అని ఫణీంద్ర వీళ్ల పెరుగు గిన్నె పట్టుకుని పైకెళ్లిపోయాడు.

కెమెరాలో ఇంటర్వ్యూ అంటే నాకు పని. పైన నేను, కింద లుంగీ. అవతలివాళ్లకు నడుము దాకానే కనబడుతుంది. మూడో ప్రశ్నకో నాలుగో ప్రశ్నకో వీసా మాట వచ్చేది, నేను మళ్లీ కొక్కేనికి వచ్చేదాన్ని. చెమట వాసనలో కూడా తేడాలుంటాయి. ఆశతో పట్టే చెమట ఒకటి, అది పోయాక పట్టేది ఒకటి. రెండోది ఉతికినా పోదు.

ఎండాకాలం దగ్గరపడుతుండగా యూనివర్సిటీలో ఉద్యోగాల మేళా పెట్టారు. ఆసుపత్రుల కంప్యూటర్లకు కాపలా కాసే ఒక కంపెనీ వస్తోందనీ, అది వీసా పిల్లల్నీ చూస్తుందనీ పుకారు. ఇర్ఫాన్‌కు కోటు లేదు.

"ఒక్క కోటే ఉంది గదరా, ఎట్ల?" అన్నాడు యుగంధర్.

"ఏముంది భాయ్, ముందుగాల నేను పోయొస్త, బాత్రూంల మార్చుకుందాం. నీ బావ పెండ్లి కోటు, ఇయ్యాల ఇద్దరు పెండ్లికొడుకులు."

అక్కడంతా నలుపు, బూడిద రంగు కోట్లు. మధ్యలో నేను, చావు ఇంటికి బ్యాండు మేళం వచ్చినట్టు. ఇర్ఫాన్ పేరున్న బ్యాడ్జి నాకు గుచ్చారు. తలుపు దగ్గర కాపలావాడు ఆ బ్యాడ్జికి మిషను చూపిస్తే అది కూత పెట్టింది. ఇర్ఫాన్ ఆ కంపెనీ బల్ల దగ్గర డెనీస్ అనే నెరిసిన జుట్టావిడతో చక్కగా మాట్లాడాడు. ఆమె తల ఊపింది. బయటికొచ్చి, హాలు పక్క బాత్రూములో నన్ను విప్పి ఇచ్చాడు. యుగంధర్ హడావుడిగా తొడిగాడు. అతని బ్యాడ్జి లోపల చొక్కా జేబులోనే ఉంది. నా మీద ఉన్నది ఇర్ఫాన్‌ది. ఇద్దరూ చూసుకోలేదు. నేను చూశాను, చెప్పడానికి నాకు నోరేది?

కాపలావాడు మళ్లీ మిషను చూపించాడు. కూత పెట్టింది. "మళ్లీ వచ్చావా ఇర్ఫాన్, స్వాగతం" అన్నాడు మొహం చూడకుండా. కంగారులో యుగంధర్ అదీ వినిపించుకోలేదు.

డెనీస్ అతన్ని, నన్ను, బ్యాడ్జిని మార్చి మార్చి చూసింది. "ఇందాక వచ్చింది ఇదే కోటు, ఇదే పేరు. మొహమే మారింది. ఏం జరిగింది?"

నా వీపంతా తడిసింది. పారిపోతాడనుకున్నాను. మోకాళ్లు ఒకసారి అటు తిరిగాయి కూడా. కానీ అతను చొక్కా జేబులోంచి తన బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టాడు. "మేడమ్, మేం ఇద్దరం, కోటు ఒక్కటే. మార్చుకున్నప్పుడు పేరు మార్చుకోవడం మర్చిపోయాం."

"తలుపు దగ్గర ఎవరూ ఆపలేదా?"

"లేదు. అక్కడ బ్యాడ్జిని చూస్తున్నారు, మనిషిని చూడడం లేదు. బయటికెళ్లినప్పుడు లెక్క కూడా లేదు. ఒక్క బ్యాడ్జితో మా బిల్డింగువాళ్లందరం రావచ్చు."

ఆవిడ కళ్లద్దాలు తీసి మరీ నవ్వింది. తర్వాత వీసా ప్రశ్న అడిగింది. అవసరమే అన్నాడు. "సరే, కనుక్కుంటాను" అంది. ఇన్నాళ్లలో ఆ ప్రశ్న తర్వాత ఇంకో వాక్యం వినబడడం అదే మొదలు.

కెమెరా ఇంటర్వ్యూ అయింది. లుంగీ, నేను, యుగంధర్ ముగ్గురం గెలిచాం. నిన్నే తీసుకుంటున్నామని కబురొచ్చింది. ఆ వారమంతా గదిలో ఈలలు. తర్వాత ఇంకో కబురు. ఈ ఏడాది వీసా అవసరమయ్యేవాళ్లను తీసుకోవద్దని వాళ్ల లాయర్లు తేల్చారట. డెనీస్ విడిగా క్షమాపణ రాసింది. మంచి మనిషే. మంచివాళ్లు క్షమాపణ రాస్తారు, లాయర్లు మిగతాది రాస్తారు.

ఆ దెబ్బ మానకముందే యూనివర్సిటీ భద్రతా కార్యాలయం నుంచి పిలుపు. మేళాలో బ్యాడ్జి సంగతి తెలిసింది, వచ్చి మాట్లాడు అని.

"నా పేరు మీద నువ్వు పోయినవ్. పంపిచ్చేస్తె ఇద్దర్ని ఒక్క విమానమే ఎక్కిస్తరు. నేను గూడ వస్త నడువ్" అన్నాడు ఇర్ఫాన్.

"వద్దురా. తొడుక్కున్నది నేను. నేనే పోత."

"కోటు ఏసుకపోతవా?"

"దొంగసొమ్ము మెడలేసుకొని ఠాణాకు పోవుడెందుకు?" అని యుగంధర్ పాత టీషర్టుతో వెళ్లాడు. నేను కొక్కేనికి ఉండిపోయాను. ఇర్ఫాన్ అన్నం వండి, తినకుండా కూర్చున్నాడు.

తిరిగొచ్చినవాడు తలుపు మూసి నా మీద వాలిపోయాడు, మనిషిని పట్టుకున్నట్టు.

"ఏమన్నరు? చెప్పు, పెట్టె సదురుకోవాల్నా?"

"డెనీస్ మేడం ఫోన్ చేసిందటరా ఆ ఆఫీసర్‌కు. గీ పోరడు మీ తలుపుల బొక్క జూపెట్టిండు, నేను తీస్కోలేకపోయిన, మీరన్న జూడుండ్రి అని. ఎట్లొచ్చినవో మళ్ల నడిచి చూపెట్టమన్నడు. చూపెట్టిన. ఎండకాలం అంత ఆ ఆఫీసుల పని ఇచ్చిండు. తలుపులు, పాస్‌వర్డులు అన్నీ చెక్ చేసుడు. క్యాంపస్ పనంట, బయటి అనుమతి గూడ అక్కర్లేదంట."

ఇర్ఫాన్ ఒక్క అరుపు అరిచి అతన్ని ఎత్తి తిప్పాడు. పైనుంచి ఫణీంద్ర నేల తన్నాడు.

"నీ గురించి గూడ నేను అడిగినరా" అన్నాడు యుగంధర్ కిందికి దిగి. "ఒక్కటే జాగ ఉందన్నడు."

"అరే ఛోడో. ముందుగాల అన్నం తిను" అన్నాడు ఇర్ఫాన్. తింటూ తింటూ అన్నాడు, "గని భాయ్, ఆ మిషనుకైతె లోపలికి పోయింది ఇర్ఫానే."

ఇద్దరూ నవ్వారు. ఇర్ఫాన్ ముందు ఆపాడు.

అన్ని ఇంటర్వ్యూలు మోసిన నేను లేకుండా, చిరిగిన టీషర్టుతో పని దొరికింది. నాకు రోషం రాలేదంటే అబద్ధం. ఆ ఎండాకాలం యుగంధర్ తలుపులు చెక్ చేశాడు, ఇర్ఫాన్ క్యాంపస్ వంటశాలలో ప్లేట్లు కడిగాడు. చదువయ్యాక యుగంధర్‌కు ఇక్కడి అనుభవం ఉందన్నారు, కొలువొచ్చింది, నల్ల కోటు కొనుక్కున్నాడు. ఇర్ఫాన్‌ను ఆ గడువు అయ్యేదాకా నేనే తిప్పాను, బల్ల బల్లకూ. తర్వాత అతను హైదరాబాదు వెళ్లిపోయాడు. అక్కడ బాగానే ఉన్నాడని ఫోన్లలో విన్నాను. బాగానే అనే మాట ఎలా పలికాడో మాత్రం వినబడలేదు.

ఆ తర్వాత ఆ గదిలోకి వచ్చినవాళ్లు కొందరు నన్ను తొడిగారు. ఒకడి చంక దగ్గర చిరిగాను. కుట్టడానికి లక్ష్మీనర్సయ్య లేడు. పాతబట్టలు అమ్మే దుకాణానికి దానం ఇచ్చేశారు. అక్కడి అమ్మాయి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, మఖ్మల్ పట్టీ తడిమి, తీసుకెళ్లి వేషాల వరుసలో తగిలించింది. ఒక పక్క మంత్రగత్తె గౌను, ఇంకో పక్క ఓడదొంగ చొక్కా. ఇన్నాళ్లు నేను చేసిన పనికి ఇంతకంటే సరైన చోటు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆమె లోపలి జేబు వెతకలేదు. ఆవకాయ మరక పక్కనే, మేళా రోజు యుగంధర్ నా మీంచి తీసి అందులో పడేసిన ఇర్ఫాన్ బ్యాడ్జి ఇంకా ఉంది. రేపు ఏ పండక్కో వేషం వేయడానికి నన్ను కొన్నవాడు చెయ్యి పెడితే ఒక పేరు తగులుతుంది. ఆ పేరుకు ఒకసారి తలుపు తెరుచుకుంది. ఆ పేరుగలవాడు అప్పుడు బాత్రూంలో, కోటు లేకుండా ఒట్టి చొక్కాతో నిలబడి ఉన్నాడు.