కనుమదారి గేటు

మంచు తొందరగా వస్తే బాగుండు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలా అనుకోవడం ఇదే మొదటిసారని ఇన్నెస్‌కు తోచింది. రేడియోలో చెప్పినదాని ప్రకారం అది మధ్యాహ్నం దాటితేగానీ కొండల మీదికి చేరదు. భార్య రోనా కారు అంతకుముందే వస్తుంది. కనుమ దాటిపోతుంది. దాటిందంటే నెయిర్న్‌లో తన చెల్లెలి ఇంట్లోనే ఉండిపోతుంది. అక్కడ సముద్రపు గాలికి మంచు నిలవదు. తిరిగి రానన్న సంగతి నిన్న సాయంత్రం బంగాళాదుంపల తొక్క తీస్తూ చెప్పింది. గొంతు కూడా పెంచలేదు. అతను "ఊఁ" అన్నాడు. అని, రేపటి వాతావరణం వినడానికి రేడియో పెట్టాడు.

గేటు బందులకు గ్రీజు రాశాడు. తాళానికి పట్టిన ఉప్పును తడిగుడ్డతో తుడిచాడు. పొడుగు మనిషి. ఎప్పుడూ కిందికి వంగి పనిచెయ్యడం వల్ల నిలబడినా వంగినట్టే ఉంటాడు. చలికాలమంతా వేళ్ళ కణుపులు పగిలి ఉంటాయి. పొద్దున్నే లారీలో వెళ్ళి, గడ్డకట్టకుండా రోడ్డు మీద ఉప్పు చల్లడం, తర్వాత కనుమ మొదట్లో ఈ గేటు దగ్గర కాపలా ఉండడం అతని పని. కంట్రోల్ రూమ్ మూయమంటే మూస్తాడు, తెరవమంటే తెరుస్తాడు. రేపు ఎలా ఉండాలో ఇంకెవరో ముందే తేల్చిపెట్టడం అతనికి హాయిగా ఉండేది. ఆ హాయికి ఒక పేరుంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

ఆకాశం నీలంగా ఉంది. మంచులో దారి తెలియడానికి పక్కన పాతిన కొయ్యల నీడలు రోడ్డుకు అడ్డంగా పడ్డాయి. మూయమని ఎవరూ చెప్పలేదు. అతను ఎర్రచారల ఇనుప కమ్మీని లాగి, కొక్కెంలో వేసి, తాళం నొక్కాడు. టక్కుమన్న చప్పుడు విన్నాకగానీ తాను చేసిందేమిటో అతనికి పూర్తిగా తెలియలేదు.

రోనా కారు వచ్చి ఆగింది. వెనక సీట్లో కుట్టుమిషనుకు బెల్టు పెట్టి ఉంది. ఆమె అద్దం దించింది.

"మూసేశావే?"

"మూయమన్నారు. మంచు వస్తోంది."

ఆమె తల బయటపెట్టి ఆకాశం చూసింది. "ఎక్కడ?"

"పైన. కనుమ మీద."

"సరే, తీసేదాకా కూర్చుంటా." ఇంజను ఆపింది. "నువ్వూ వచ్చి కూర్చో. అలా నిలబడి ఏం కాపలా కాస్తావు? నేనేమైనా కమ్మీ కింద దూరి పారిపోతానా?"

అతను పక్క సీట్లో కూర్చున్నాడు. మోకాళ్ళు ముందు పలకకు తగిలాయి. కారులో ఇస్త్రీ చేసిన బట్టల వాసన. ఇద్దరూ గేటు వైపే చూస్తున్నారు. ఇలా పక్కపక్కన ఊరికే కూర్చుని ఎంతకాలమైందో అతనికి గుర్తు రాలేదు. మంచు పడితే దారి మూసి ఉండే మూడు రోజులూ ఇలాగే ఉండిపోతే చాలనిపించింది. దేనికి చాలో మాత్రం తెలియలేదు.

అతని జేబులో వాకీటాకీ గరగరమంది. మంచు తోసే లారీ నడిపే గిబ్.

"ఏరా ముసలోడా, నిద్రలో గేటు మూశావా ఏంటి? కంట్రోల్ రూమ్ పిల్ల కెమెరాలో చూసి నా ప్రాణం తీస్తోంది, ఎవరూ చెప్పకుండా ఎందుకు మూశాడని. నేను కనుమ మీదే ఉన్నాను. ఇక్కడ ఎండకి కళ్ళు పోతున్నాయిరా బాబూ!"

ఇన్నెస్ మీట తిప్పి దాని నోరు మూశాడు. రోనా భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది. నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

"మా అమ్మను పూడ్చిన రోజు కూడా ఇలాగే కాసింది ఎండ," అంది. "నువ్వు రాలేదు. ఆ రోజు మూయమన్నారా నిన్ను?"

"లేదు."

"మరి?"

"మూయమంటారేమోనని... ఇక్కడే ఉన్నాను."

"ఊఁ," అంది రోనా, సరిగ్గా అతను అనే తీరులో.

ఉండిపో అనే మాట అతని నోట్లో ఉంది. పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య, ఆ మాట బరువు అతనికి తెలుస్తోంది. పైకి అంటే ఆమె ఏమంటుందో ఎవరూ ముందుగా చెప్పలేదు.

"గేటు తీస్తాను," అన్నాడు.

తాళంచెవి తిరగలేదు. పొద్దున తుడిచిన తడి లోపల గడ్డకట్టింది. ఊదాడు, అరచేతుల్లో పెట్టి నలిపాడు. రోనా దిగి వచ్చి ఫ్లాస్కు మూత విప్పింది.

"తాళంలో టీ పొయ్యి."

"చక్కెర ఉందా? ఉంటే తాళం జిగటగా అయిపోతుంది."

"ఉంది. మూడు చెంచాలు."

"నువ్వు చక్కెర వేసుకోవుగా."

"నీకే తెచ్చాను. పోతూ పోతూ ఇద్దామని." మూత నిండా పోసి అందించింది. "పొయ్యి, పర్లేదు. తర్వాత కడుక్కో."

సగం పోశాడు. తాళం ఊడింది. మిగిలిన సగంతో మూతను గేటు స్తంభం మీద పెట్టి, రెండు చేతులతో కమ్మీని తోశాడు. కెమెరా అటే చూస్తోంది. చూడనీ అనుకున్నాడు.

రోనా అతని కాలరు సరిచేసి కారెక్కింది. "టోపీ చెవుల మీదికి లాక్కో," అంది. వంపు దగ్గర కారు ఎర్ర దీపాలు ఒకసారి వెలిగి, కొండరాయి వెనక్కి పోయాయి. ఇంజను చప్పుడు ఇంకాసేపు వినిపించింది.

మంచు మధ్యాహ్నం దాటాకే వచ్చింది, చెప్పినట్టే. ముందు కొండ కనిపించకుండా పోయింది, తర్వాత కొయ్యలు. "ఇన్నెస్, ఇప్పుడు మూయండి," అంది కంట్రోల్ రూమ్ పిల్ల. "ఇప్పుడే," అని నొక్కి చెప్పింది. మూశాడు.

మూత స్తంభం మీదే ఉంది. టీ గోధుమరంగు గడ్డయింది, దాని మీద వేలెడు మంచు. తన ఉప్పు లారీలోకి తీసుకెళ్ళి, వేడిగాలి వచ్చే చోట పెట్టి, కరిగేదాకా కూర్చున్నాడు.