నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున

...అదే చెప్తున్నా వదినా, ఇంత ఆలస్యం చేసినందుకు ఏమనుకోకు, మొన్నట్నుంచీ చెప్తా చెప్తా అని నానుస్తూనే ఉన్నా. పక్కింటి అద్దాలక్క సంగతి. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తుంది కదా, అందుకే వీధంతా అలా పిలుస్తారు. పొద్దున్నే వాళ్ళాయన నడుం కింద వేడినీళ్ళ సంచి సర్దడం, టిఫిన్ మీద మూత పెట్టడం, షాపుకి పోవడం, రావడం. అంతే ఆవిడ బతుకు.

వాళ్ళాయన బట్టల షాపులో కటింగ్ మాస్టరు. నడుంలో డిస్కు జారింది. బల్ల దగ్గర రోజంతా నిలబడమన్నా నిలబడతాడు, కానీ షాపేమో ఊరికి ఆ చివర. ఆటో ఎక్కినా బస్సెక్కినా, గుంత వచ్చిందంటే వెన్నులో మేకు దిగ్గొట్టినట్టే. నెలల తరబడి ఇంట్లోనే పడి ఉన్నాడు. ఓనరు పాపం ఆగినన్నాళ్ళు ఆగాడు. ఆఖరికి ఫోన్ చేసి, "మాస్టారూ, సోమవారం రాలేకపోతే కొత్తాయన్ని పెట్టుకుంటా, తప్పుగా అనుకోకండి" అన్నాడు. మాస్టరు సరేనని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం కూడా ముట్టలేదు.

అంతకు ముందు వారమే ఈవిడ బైకు కొనుక్కుంది, యాభై దాటాక. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న బండి నడిపేదట, పిల్లలు పుట్టాక మానేసింది. ఇదీ ఆ కాలం బండిలాగే ఉంటుంది, గుండ్రటి హెడ్‌లైటు, మెరిసే టాంకు. సెకండ్ హ్యాండు. కిక్కు కొట్టాలంటే మోకాలు సహకరించదు.

"మోకాళ్ళు అరిగిన వయసులో ఈ సోకేంటే నీకు?" అన్నాడు మాస్టరు మంచం మీంచి.

"అరిగింది మోకాళ్ళేగా, చేతులు బానే ఉన్నాయిగా" అందావిడ.

బండికి వంక లేదు. రెండో గేరు పడగానే నేలకి నాలుగు వేళ్ళ ఎత్తు లేచేది, అదొక్కటే. లేచాక బ్రేకు పట్టదు. యాక్సిలరేటర్ వదిలితే మెల్లగా వాలేది, ఈలోపు వాళ్ళ గేటు దాటి మా గేటు దగ్గరికి వచ్చేసేది. అక్కణ్ణుంచి ఆయాసపడుతూ వెనక్కి తోసుకుపోయేది. మా అత్తయ్య అయితే, "దుమ్ము లేపట్లేదు, అదే పదివేలు" అంది.

మెకానిక్ చక్రం తిప్పి చూసి, "పాత బళ్ళు కొన్ని ఇంతేనక్కా, లేస్తాయి. వెనక బరువు పడితే దిగుతుంది. సిమెంటు బస్తా కట్టు" అన్నాడు.

"బస్తా ఎందుకూ, ఇంట్లో మా ఆయనున్నాడు" అంది నవ్వుతూ.

ఆ మాటే ఇంటికొచ్చి చెప్తే, ఆదివారం పొద్దున మాస్టరు నిజంగానే గోడ పట్టుకుని బయటికొచ్చాడు. "పద, కూర్చుంటా. నేల మీద నడిస్తే ఎవరికైనా అమ్మేద్దాం. నా పని ఎలాగూ పోయినట్టే, ఇదెందుకు మనకి?"

ఆవిడ కొంగు బిగించి దోపుకుంది. కిక్కు కొట్టింది. ఆయన గుడ్లబుట్ట మీద కూర్చున్నట్టు కూర్చుని, ఆవిడ భుజం పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వీధి చివర పైపుల కోసం తవ్వి వదిలేశారు చూడు, అటే పోవాలి.

రెండో గేరు వేసింది. దిగలేదు సరికదా, బండి జానెడు లేచింది.

"ఏమండీ, ఆపనా?"

పలకలేదు. స్పృహ తప్పాడేమోనని ఆవిడకి చెమటలు పట్టాయి.

కాసేపటికి వెనక నుంచి, "గుంత వచ్చిందా?" అన్నాడు.

"దాటేశాం."

"ఎప్పుడూ?"

"ఇందాకే."

ఆయన మెల్లగా కళ్ళు తెరిచాడు. తర్వాత, "ఇంకో గేరు వెయ్యి" అన్నాడు.

సోమవారం మాస్టరు షాపు ఇంకో రెండు షాపుల దూరం ఉందనగానే యాక్సిలరేటర్ వదిలేసింది, సరిగ్గా గుమ్మం ముందు వాలారు. లోపల, మాస్టరు రాడనుకుని పిలిపించిన కొత్తాయన మెడలో టేపు వేసుకుని అప్పటికే బల్ల దగ్గర ఉన్నాడు. ఈవిడ హ్యాండిల్ వదల్లేదు, ఇంజను ఆపలేదు, మాస్టర్నే చూస్తూ ఉంది. ఓనరు ఈయన్ని ఎగాదిగా చూసి, "మీరు కాజాలు కుట్టే వైపు వెళ్ళండి" అని కొత్తాయనకి చెప్పి, సుద్దముక్క మాస్టరు ముందుకి జరిపాడు. అప్పుడు వదిలింది వదినా ఊపిరి, అప్పటిదాకా బిగబట్టే ఉంది.

మాస్టరు సుద్దముక్క పట్టుకునే గుమ్మం దాకా వచ్చాడు. "ఇంకా పోలేదా నువ్వు?"

"సాయంత్రం ఎప్పుడు రమ్మంటారు?"

"కాస్త పెందలాడే రా. ఊరంతా చుట్టి పోదాం."

ఇంక చూడు, నిన్న సాయంత్రం వాళ్ళిద్దరూ... ఆఁ, వస్తున్నా అత్తయ్యా! ఉంటా వదినా, పిలుస్తున్నారు.