చేతి వాసన

శనగపిండి రుద్ది కడుక్కున్నాక కూడా తృప్తి లేక, సన్యాసమ్మ నిమ్మచెక్క తీసుకుని మళ్లీ మొదలుపెట్టింది. ముందు అరచేతులు, తర్వాత వేళ్ల సందులు, చివరికి గోళ్ల చుట్టూ. పెట్రోలు బంకు నుంచి వచ్చాక చేతులు కడుక్కునేవాళ్లను ఎవరైనా చూసి ఉంటారు. బంకుకు వెళ్లేముందు ఇంతసేపు కడుక్కునే మనిషి ఏక్‌బాల్‌పూర్ మొత్తం వెతికినా ఈవిడ తప్ప దొరకదు. కొన్ని నెలలుగా ఇంట్లో నీళ్లు తాగినా, గంజి తాగినా బంకు వాసనే తగులుతోంది. పాపమంతా తన చేతులదేనని ఆవిడే తీర్పు చెప్పేసుకుంది.

ఆ చేతులు చూస్తే ఎవరైనా ఔననే అంటారు. పొట్టి వేళ్లు, చిట్లిన చర్మం, పైపు మీట నొక్కి నొక్కి చూపుడువేలి మడత దగ్గర కాచిన కాయ. చీర మీద తొడిగిన నీలం యూనిఫారం చొక్కా మోకాళ్లను అందుకోవాలని చూస్తుంది. మనిషి అంత పొట్టి. గొంతు మాత్రం ఖిదిర్‌పూర్ బస్సు హారన్‌ను దాటి వినిపిస్తుంది.

"దూరంగుండవే గుంటా, నా సేతులు కంపు," అంది, దగ్గరికొచ్చిన కోడలితో.

పూజితకు ఏడో నెల. టెక్కలి వైపు నుంచి కాపురానికి వచ్చిన పిల్ల, అత్తకు ఎదురు చెప్పి ఎరగదు. ఆ పూట మాత్రం బిందెలోంచి ముంచిన గ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడింది.

"నీ సేతులు కావత్తా. ఈ బిందె నువ్వు ముట్టనేదు. రేతిరి నానే బోరింగు కొట్టి తెచ్చినాను. అయినా వాసనొస్తంది."

"వేవిళ్లేమోనే."

"నానూ అదే అనుకున్నాను. ఏడో నెల్లో వేవిళ్లేటి?"

సన్యాసమ్మ గ్లాసు అందుకుని గుమ్మంలోకి వచ్చి వెలుతురుకు పట్టింది. నీళ్ల మీద సన్నటి పొర. ఊదా, పచ్చ, గులాబి రంగులు అందులో మెల్లగా తిరుగుతున్నాయి. వానాకాలంలో బంకు నేల మీద ఆ రంగుల్ని ఎన్నిసార్లు చీపురుతో తోసిందో ఆవిడకే తెలియదు. ఇప్పుడవి తన ఇంటి గ్లాసులో ఉన్నాయి.

ముందు భయమేసింది, వెనకే సిగ్గేసింది. ఎవరు గుమ్మం తొక్కినా కూర్చోమనేలోపే నీళ్లందించే మనిషి ఆవిడ. ఇన్నాళ్లూ అందరికీ ఇచ్చింది ఇదన్నమాట.

ఆ ఇంటికి చమురుతో పాత చుట్టరికం. సన్యాసమ్మ తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి ఈ బెంగాల్ రేవులో పనికి వచ్చి, ఓడల నుంచి చమురు దించే గొట్టాలు మోశాడు. గొట్టం విప్పినప్పుడల్లా నీళ్ల మీద జిడ్డు పరుచుకునేదనీ, మర్నాడు చేపలు వెల్లకిలా తేలేవనీ చెప్పేవాడు. భర్త గురువులు షాలిమార్ అవతల ఒక కాంట్రాక్టరు దగ్గర చమురు ట్యాంకుల్లోకి దిగి అడుగున పేరుకున్న మడ్డి తోడేవాడు. ఎర్రటి కళ్లతో పైకి వచ్చేవాడు. నడివయసు రాకుండానే పోయాడు, రక్తం పాడైందన్నారు. ఎందుకు పాడైందో ఎవరూ అనలేదు. కొడుకు భాను టాక్సీ నడుపుతాడు. ఇంటికొచ్చాక వాడి రుమాలు ఉతికితే నల్లటి నీళ్లు కారతాయి. ఓడ మొదలుకుని పొగ దాకా ఆ చమురు నడిచే దారంతా వీళ్ల మనిషి ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. తిండి పెడుతోంది కదా అని సన్యాసమ్మ దేనికీ నోరెత్తలేదు. గాలి పోతే పోయిందనుకుంది. పుట్టబోయే బిడ్డ తాగే నీళ్లు కూడా ఇచ్చుకుంటానని మాత్రం ఆవిడ ఎవరికీ మాటివ్వలేదు.

గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టుకుని బంకుకు నడిచింది. దూరమేమీ లేదు, సందు వెనక గోడకు అవతలే. మేనేజరు లలిత్ అప్పుడే భూమిలోని ట్యాంకులో కొలకర్ర దించి చూస్తున్నాడు. మళ్లీ తగ్గిందని గొణిగి, ఎప్పటిలాగే ఆవిరైపోయిందని సరిపెట్టుకున్నాడు. వేసవిలో మొదలైన ఆ ఆవిరి పుష్యమాసపు చలిలో కూడా లేస్తూనే ఉంది. ఇన్నాళ్లూ ఆవిడా దాన్ని నమ్మింది. యంత్రం పక్కన గ్లాసు పెట్టి, పైపు అందుకుంది. ఒక్కో బండికీ పోస్తున్నంతసేపూ చూపు గ్లాసు మీదే.

మధ్యాహ్నం ట్యాంకర్ వచ్చింది. డ్రైవరు నరసయ్య కూడా శ్రీకాకుళం వాడే, సన్యాసమ్మను అక్క వరసలో పిలుస్తాడు. లోడు దించినప్పుడల్లా వాళ్లింటికి వెళ్లి ఇంత అన్నం తిని వెళ్తాడు. అతను గొట్టం లాక్కుంటూ వచ్చేసరికి, అది తగిలించాల్సిన ఇనప మూత మీద సన్యాసమ్మ మఠం వేసుకుని కూర్చుని ఉంది. గ్లాసు ఒళ్లో ఉంది.

"అప్పా, లెగు. గొట్టం తగిలించాల."

"లెగను. కింద ట్యాంకు కారతంది. నువ్వు పోసిందంతా మా బోరింగులోకొస్తంది."

నరసయ్య గ్లాసు వాసన చూశాడు.

"మీ ఇంట్లో నీళ్లు బంకు వాసనని నాకు తెలుసప్పా. నీ సేతులదనుకున్నాను. అన్నం పెట్టిన సెయ్యి కదాని నోరిప్పనేదు."

అతను గొట్టం చుట్టేసి లారీకి తగిలించాడు. వెనక బండ్లు బారులు తీరాయి, హారన్లు మోగాయి. లలిత్ పరుగున వచ్చి బెంగాలీలో బతిమాలాడు, తర్వాత కసిరాడు. యజమానికి తెలిస్తే ఉద్యోగం పోతుంది మాసీ, అన్నాడు. సన్యాసమ్మ గ్లాసు పైకెత్తి అతని ముందు పెట్టింది.

"జొల్ ఖావ్, దాదా. మా ఇంటి నీళ్లు. నువ్వు తాగీ, నాను లెగిసిపోతాను."

లలిత్ చెడ్డవాడు కాదు, ఉద్యోగం చేసుకునేవాడు. గ్లాసు పెదాల దాకా తీసుకెళ్లాడు. అక్కడ ఆగిపోయాడు. హారన్లు కూడా ఒక్కొక్కటే ఆగాయి, ఎందుకంటే అందరూ ఇప్పుడతన్నే చూస్తున్నారు. గ్లాసు జాగ్రత్తగా ఆవిడ చేతిలో పెట్టేసి, గదిలోకి వెళ్లి, యంత్రాలన్నిటికీ కరెంటు తానే కట్టేశాడు.

సన్యాసమ్మ గుండె ఉప్పొంగింది. ఆ వయసులో, ఆ రోడ్డు మీద, ఆవిడకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అప్పటికే పూజిత ముందు నడుస్తుంటే సందులోని ఆడవాళ్లంతా బిందెలతో వచ్చేశారు. తెలుగువాళ్లు, బీహారువాళ్లు, బెంగాలీ ముస్లిములు. మూత చుట్టూ బిందెలు దించి వాటి పక్కనే కూర్చున్నారు. ఇన్నాళ్లూ ఇత్తడి కిలుమనుకున్నామని ఒకరు, తుప్పు పైపనుకున్నామని ఇంకొకరు చెప్పుకుంటుంటే నవ్వు కూడా వచ్చింది.

సాయంత్రం యజమాని మనుషులు ఖాళీ ట్యాంకర్ తెచ్చి, కింద ఉన్నదంతా తోడేసి, ట్యాంకులోకి గాలి ఎక్కించి చూశారు. గాలి నిలవలేదు, ట్యాంకుకు చిల్లు పడినట్టే. మూత బిగించి సీలు వేశారు. బోరింగుకు తాళం పడింది. పొద్దు వాలేలోపు కార్పొరేషన్ నీళ్ల లారీ సందు మొగలో ఆగింది. ఆడవాళ్లు ముందు సన్యాసమ్మకు దారిచ్చారు.

ఆవిడ చేతులు కడుక్కోలేదు. పొద్దుటంతా పైపు పట్టిన చేతులతోనే దోసిలి పట్టి తాగింది. నీళ్లకు ఏ వాసనా లేదు. ఇంకో దోసిలి పట్టి కోడలికి తాగించింది.

"నా సేతుల్లోదే తాగే. ఏటైనా వాసనొస్తందా?"

పూజిత తల అడ్డంగా ఊపి మళ్లీ దోసిలికి వంగింది.

తర్వాత సన్యాసమ్మ బంకుకు వెళ్లి నీలం చొక్కా విప్పి, మడతపెట్టి లలిత్ చేతికిచ్చింది. ఇంక రావక్కర్లేదని అతను చెప్పలేకపోయాడు, ఆవిడ చెప్పించుకోలేదు. సీలు వేసిన మూత దగ్గర ఒక్కసారి వంగి లేచి, కొంగు దోపుకుని, వెనక్కి చూడకుండా సందులోకి నడిచింది.

చుట్టూ తాడు కట్టిన ఆ ఇనప మూత మీద స్టీలు గ్లాసు, ఎవరూ తాగని నీళ్లతో, అంచుదాకా రంగులు తిప్పుకుంటూ అలాగే ఉంది.