రాతమీద రాత

నేను ఒక నల్లబల్లను; పుట్టుకతో మాత్రం నల్లదాన్ని కాను. పనసచెక్కనై పసుపుపచ్చగా ఉండేదాన్ని. విజయనగరం దగ్గరి ఒక హైస్కూలు కోసం వడ్రంగి నన్ను చిత్రికపట్టి, నల్లరంగు పూసి, పదో తరగతి గోడకు బిగించాడు. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడితే, తుడిచేసిన అంకెలన్నీ సుద్దపొడియై గాలిలో తేలేవి. వాటిని చూస్తూ కునుకు తీసేదాన్ని. మనుషులు చిత్రమైనవాళ్లు. జవాబు రాగానే, అంత కష్టపడి నడిచొచ్చిన దారినంతా చెరిపేస్తారు.

ఆ దారిని ప్రేమించినవారు లెక్కల మాస్టారు భానోజీరావుగారు. "జవాబుకేం, అదే వస్తుంది. మెట్టు దాటకండర్రా" అనేవారు. ఆ ఏడు ఆయన చూపు మసకబారింది. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పాడట. మాస్టారు ఆ సంగతి అప్పట్లో ఎవరితోనూ అనలేదు. నాకు మాత్రం తెలిసిపోయింది: రాసేముందు ఎడమచేత్తో నా అంచు తడుముకునేవారు.

ఒకనాడు సగటు పాఠం. ఐదుగురు పిల్లల మార్కులు రాశారు: 12, 7, 30, 9, 7. అన్నీ కూడితే 65, ఐదుతో భాగిస్తే 13. చెప్పడం చక్కగానే చెప్పారు గాని, ఆ వరుసలన్నీ మార్కుల మీదే రాసేశారు. నా ఒంటిమీద తెల్లటి మబ్బొకటి మిగిలింది.

"అర్థమైందా?"

"అయిందండీ" అంది తరగతంతా. మాస్టారంటే వాళ్లకు ప్రాణం. జాలిపడి అబద్ధమాడడం మనుషుల విద్య, చెక్కలకు చేతకాదు.

వెనక వరుసలో పైడమ్మ లేచింది. లెక్కల్లో ప్రతి పరీక్షా తప్పిన పిల్ల. నా దగ్గరకు రమ్మంటే కళ్లనీళ్లు పెట్టుకునేది.

"నాకు అవనేదండి. రాతమీద రాత పడిపోనాదండి. ఏటీ అవుపడ్డం నేదు."

సుద్దముక్క మాస్టారి వేళ్లలోనే ఆగిపోయింది.

"నాకూ అవుపడ్డం లేదమ్మా" అన్నారాయన చివరికి. "నువ్వు రా. నేను చెప్తాను, నువ్వు రాయి."

బెదురుతూనే వచ్చి నన్ను తుడిచింది; ఆయన మళ్లీ చెప్పిన ఐదు మార్కులూ రాసింది. మాస్టారు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నారు.

"మధ్యగతం కావాలి. ముందు ఏం చేద్దాం?"

"వరస పెడతానండి. సిన్నదాన్నించి పెద్దదానికి." 7, 7, 9, 12, 30.

"నడిమిది?"

"తొమ్మిదండి."

"అదే మధ్యగతం. మరి సగటు పదమూడు వచ్చిందే! ఎందుకంత తేడా?"

పైడమ్మ నాకేసి చాలాసేపు చూసింది. అంత దగ్గరగా, భయం లేకుండా నన్నెవరూ చూడలేదు.

"ముప్పై వచ్చినోడు ఒక్కడేనండి. ఆడే సగటుని పైకి లాగీసినాడు. మిగతా నలుగురికీ పదమూడు రానేదు కదండీ!"

మాస్టారు కళ్లు తెరవకుండానే నవ్వారు. ఆ సాయంత్రమే వెళ్లి హెడ్మాస్టరుగారికి తన చూపు సంగతి చెప్పేశారు. ఆ ఏడు పూర్తిచేయనిచ్చారు. నోరు ఆయనది, చెయ్యి పైడమ్మది. వర్గ సమీకరణాలు, త్రిభుజాలు, సంభావ్యత... ఒక్కో మెట్టు దగ్గరా "ఎందుకు?" అని ఆయన అడగడం, ఆ పిల్ల తడబడి, ఆగి, జవాబు చెప్పడం. నిద్రలో ఏదో పాట వింటున్నట్టు వినేదాన్ని.

వేసవికి ఆయన ఉద్యోగం విరమించారు. నా గోడమీదికి తెల్లబోర్డు వచ్చింది. పొయ్యిలోకి పోవలసిన నన్ను మాస్టారు అడిగి తెచ్చుకుని, తన ఇంటి వరండాలో నిలబెట్టారు. ఇక్కడ వేపపూలు రాలి నా మీద పడతాయి. ఎవరూ తుడవరు.

ఫలితాలొచ్చిన రోజు పైడమ్మ రొప్పుతూ వచ్చింది.

"మేస్టారండీ! పాసైపోనాను! లెక్కల్లో నలభై రెండండీ!"

ఆయన చేతులు గాలిలో వెతికి ఆమె తలమీద ఆగాయి.

"మిగతా యాభై ఎనిమిదీ ఎక్కడ పోయాయో చూద్దాం, రా."

పైడమ్మ పకపకా నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు.