ఏడో దిమ్మ

ముసలాయన బొటనవేలికి నూనెగుడ్డ చుట్టి, ఇనుప అచ్చుల్ని మూలమూలా తుడుస్తున్నాడు. కాంక్రీటును పరీక్షించే ఆ ప్రయోగశాలలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన పని ఒకటే. దిమ్మలు పోయడం, నీళ్లతొట్టిలో నానబెట్టడం, ఇరవై ఎనిమిదో రోజున యంత్రం కింద పెట్టి పగలగొట్టడం, ముక్కలు ఊడ్చడం. పోసినవాడే పగలగొట్టే ఉద్యోగం పగవాడికి కూడా వద్దని నవ్వేవాడు. అందరూ ఆయన్ని దిమ్మల తాత అనేవారు.

ఆ రోజుతో ఉద్యోగం ఆఖరు. ఆఖరి రోజు కదా అని ఒళ్లేమీ కనికరించలేదు. మోకాళ్లు పట్టేశాయి, మెట్టుకొక దగ్గు వచ్చింది.

పరిశోధన చేస్తున్న మేడం వచ్చి స్టూలు మీద కూలబడింది. సిమెంటు సగానికి తగ్గించి, ఆ లోటును బూడిదతోనూ, రేణువు కంటికి ఆనని నానో సిలికా పొడితోనూ పూడ్చాలని మూడేళ్లుగా ఆమె తాపత్రయం. నాలుగు మిశ్రమాలు పోశారు, నాలుగూ తేలిపోయాయి. ఇవాళ పోసే ఐదోదీ తప్పితే ఈ పని మూసేస్తామని పైవాళ్లు చెప్పేశారు. అది గెలవాలని ముసలాయనకు ఆమెకంటే ఎక్కువ ఆశ. తన రొమ్ములో పేరుకున్న సిమెంటు దుమ్ములో సగమైనా ఇంకొకడికి తప్పాలి. అంత మాట ఎవరితో అంటాడు?

పగిలేటప్పుడు అందరూ దిమ్మ బలం చూపే యంత్రం ముల్లునే చూస్తారు. ముక్కలు ఎత్తేది తనొక్కడే. ఈ నాలుగు మిశ్రమాల ముక్కల్లో తెల్లటి చుక్కలు ఉండటం ఎప్పుడో గమనించాడు. పెద్దాఫీసరుకు చెబితే, "ఊడ్చే పని నీది, చూసే పని మాది" అన్నాడు. అప్పటినుంచి నోరు కట్టేసుకున్నాడు. పోతూ పోతూ ఇక భయమేమిటి అనిపించింది.

"అమ్మా, ఆ పొడి ఉండలు కడుతోంది. ముక్కల్లో తెల్లచుక్కలు అవే. సిమెంట్లో వేసే ముందు నీళ్లలో వేసి తీరిగ్గా కలపాలి. పది నిమిషాలు చాలవు."

"ఎంతసేపు కలపాలి?"

"ఉండలు పోయిందాకా."

ఆమె ఆయన చేతులకేసి చూసింది. "నిండా మునిగినవాళ్లకి చలేంటి తాతా. కానివ్వండి."

గంటన్నర కలిపాడు. భుజం పీకేసింది. ఆరు దిమ్మలు పోయగా కాస్త మిగిలింది. మిగిలింది పారబోయడానికి ఆయనకు ఎన్నడూ చేతులు రావు. ఆయన ఇంటి మెట్లన్నీ అలా మిగిలిన దిమ్మలే. దీన్నీ ఇంకో అచ్చులో పోశాడు.

"ఏడోది ఎవరికి తాతా?"

"ఎవరికీ కాదమ్మా. మిగిలింది, అంతే."

తడి ఆరకముందే మేకుతో ఆ ఆరు దిమ్మల మీదా పోసిన తేదీ, దాని కింద పగలగొట్టే తేదీ గీశాడు.

"ఇరవై ఎనిమిదో రోజు రండి. మీ చేత్తోనే పెడుదురుగాని" అంది మేడం.

"రాకుండా ఉంటానా!" అన్నాడు. గేటు దగ్గర కార్డు ఇచ్చేసి, దగ్గుకుంటూ ఇంటికి నడిచాడు.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాడు. దగ్గు వినపడటం లేదేమిటా అని భార్య వెళ్లి చూసింది. అప్పటికే పోయాడు.

ఇరవై ఎనిమిదో రోజున మేడం తనే తొట్టిలోంచి ఆరు దిమ్మలూ తీసింది. ప్రతిసారీ ముల్లు కావలసిన బలం గీత దాటి చాలా దూరం పోయింది. పెద్దాఫీసరు చప్పట్లు కొట్టాడు. ఆమె మాత్రం నేలమీద కూర్చుని ఒక్కో ముక్కా తిరగేసి చూసింది. ఎక్కడా తెల్లచుక్క లేదు. దుఃఖం ఆగక, చీపురు తీసుకుని అంతా తనే ఊడ్చింది.

తొట్టి అడుగున ఏడో దిమ్మ ఒక్కటే ఉంది. దాని మీద వంకర గీతల్లో పోసిన తేదీ ఉంది, దాని కింద పగలగొట్టే తేదీ ఉండాల్సిన చోటంతా నున్నగా ఉంది.